కోతకూ అతుకుకూ మధ్య

తాగే నీళ్ళకు బిందెలు వరుసలో పెట్టుకునే ధర్మవరంలో పుట్టి, బీరు మీద మనసు పడటం నా తలరాతలోని వెటకారం. "ఈడ గొంతు తడుపుకునేదానికి నీళ్ళు లేవు, వీనికి నురగ కావాల్నంట" అని మా అమ్మ దెప్పేది. అమ్మకు తెలిసిందంటే నాయనకూ తెలుసు. అయినా ఆయన ఒక్కనాడు కూడా నోరెత్తలేదు. తిట్టి ఉంటే నేనూ ఎదురు తిరిగేవాణ్ణి, ఏదో ఒకటి తేలిపోయేది. ఆయన తిట్టలేదు. నా మగ్గం మీద ముహూర్తపు చీర ఎక్కించాడు.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. రెండు గుంత మగ్గాలు ఉండేవి, ఒకటి నాయనది, ఇంకొకటి నాది. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేస్తాం. నా మగ్గానికి ఎదురుగా వెలుతురు కోసం ఒక చిన్న కిటికీ పెట్టారు. అది నేలకు ఆనుకుని ఉండటంతో వీధిలో పోయేవాళ్ళ మోకాళ్ళ కింది భాగమే కనపడేది. మీసాలు సరిగ్గా రాకముందే ఆ గుంతలో దిగాను. మా వీధి వాళ్ళలో సగం మందిని నేను ముఖం చూసి కాదు, పాదాలు చూసి గుర్తుపడతాను. ఫలానా ఆయన మడమ పగిలింది, ఫలానా ఆమె మెట్టె మార్చింది, ఇవీ నాకు తెలిసిన లోకవార్తలు.

పెళ్ళికూతురు పీటల మీద కట్టుకునేది ముహూర్తపు చీర. దానికి మా ఇంట్లో మడి ఉంది. పడుగు, అంటే చీర నిలువు పోగులు, మగ్గం ఎక్కిన రోజు నుంచి చీర కోసేదాకా నేసేవాడు నీసు తినకూడదు, తాగకూడదు. తప్పితే ఆ పిల్ల కాపురానికి తగులుతుందంటారు. కోతకూ ఒక పద్ధతి ఉంది. కత్తెరకు పసుపు రాసి, టెంకాయ కొట్టి, ఇంటి పెద్ద తన చేత్తో కోయాలి. నాకు దేవుడి మీద పెద్ద భక్తి లేదు. కానీ ముక్కూ మొహం తెలియని ఒక ఆడపిల్ల కాపురాన్ని పందెం కాసేంత తెగువ కూడా లేదు. నాయన ఈ సంగతి బాగా కనిపెట్టాడు.

ఒక పడుగుకు మూడు చీరలు వస్తాయి. మూడింట్లో ఒకటి ముహూర్తానిది అయితే చాలు, మూడూ అయ్యేదాకా మడే. "మావాని చేతి చీరయితేనే ముహూర్తానికి కలిసొస్తాది" అని నాయన మా గడప తొక్కిన ప్రతి పెళ్ళివారికీ చెప్పి పెట్టాడు. దాంతో ఊళ్ళో అంతమంది నేతగాళ్ళుండగా ముహూర్తపు చీరలన్నీ నా నెత్తినే పడ్డాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, అప్పుడైనా వదులుతాడేమో అని ఒకసారి కదిపి చూశాను. "శ్రావణానికి కావాల్సింది ఆషాఢంలో గాక ఎప్పుడప్పా నేసేది" అన్నాడు.

పడుగు అయిపోయినా మగ్గం ఖాళీ కాదు. పాత పడుగు కొసలు కొంచెం వదిలే కోస్తాం. పడుగు అతికే ముసలాయన వచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త కొసను ఒక్కో పోగే మెలి తిప్పి కలుపుతాడు. వేల పోగులు. అంటే మా తాత వేసిన మొదటి పడుగు నుంచి ఇప్పటిదాకా దారం ఎక్కడా తెగలేదు, ఒకదానికొకటి అతుక్కుంటూ వస్తూనే ఉంది. నాయన దీన్ని గొప్పగా చెప్పేవాడు. నాకు మాత్రం అది వింటే ఊపిరాడేది కాదు.

కోత అయ్యాక అతుకు పడేలోపల రెండు మూడు రోజులు దొరికేవి. ఆ రోజుల్లోనే కొత్త పట్టు తేవడానికి నాయన నన్ను బెంగుళూరు పంపేవాడు. "పట్టు కంటితో చూసి, వేలితో పట్టి తేవాల. నా కండ్లు ఆనవు, నువ్వే పోయిరా" అనేవాడు. నా బీరు బతుకంతా ఆ కోతకూ అతుకుకూ మధ్యనే గడిచింది.

డెబ్బైల నడిమిలో మొదటిసారి తాగాను. మీటరుగేజి రైల్లో మొహమంతా బొగ్గు నుసితో దిగి, చిక్కపేటలో పట్టు షావుకారు దగ్గర మూట కట్టించుకున్నాను. తిరుగు రైలుకు ఇంకా చాలా టైముంది. మెజెస్టిక్ దగ్గర ఒక బారు కనపడింది. సగం తలుపులు, లోపల చీకటి, నిదానంగా తిరిగే ఫ్యాను. ఎత్తు స్టూలు ఎక్కి కూర్చున్నాను. సీసాతో పాటు ఒక గిన్నెలో వేయించిన చెనిక్కాయలు పెట్టారు. మా జిల్లా నుంచి ఎక్కడికి వచ్చినా చెనిక్కాయలు నాకంటే ముందే వచ్చి కూర్చుంటాయి.

మొదటి గుక్క వేపాకు కషాయంలా ఉంది. రెండో గుక్కకు గొంతులో చల్లదనం తెలిసింది. కానీ నన్ను పట్టుకున్నది ఆ రుచి కాదు. ఆ స్టూలు మీద నా కాళ్ళు ఊరికే వేలాడాయి. కింద తొక్కడానికి ఏమీ లేదు. పక్కన కూర్చున్నవాళ్ళ ముఖాలు నా ముఖానికి సమానంగా ఉన్నాయి. ఒకాయన తన ఎద్దు గురించి చెప్పాడు, ఇంకొకాయన తన పెళ్ళాం గురించి చెప్పాడు, ఇద్దరూ దాదాపు ఒకే మాటలు వాడారు. నేను నవ్వాను. బీరు తాగినవాడి నవ్వు కాదు అది, గుంతలోంచి బయటికొచ్చిన వాడి నవ్వు.

ఆ తర్వాత దారిలోని, చుట్టుపక్కలి ఊళ్ళన్నీ నాకు బార్ల పేరు మీదే గుర్తుండిపోయాయి. హిందూపురం స్టేషను బయట ఒకాయన రంపపు పొట్టులో ఐసుగడ్డ కప్పిపెట్టి, దాని మీద సీసాలు పడుకోబెట్టేవాడు. సీసా ఒళ్ళంతా పొట్టు అంటుకుని వచ్చేది. అనంతపురంలో ఒక బార్లో ఆకుపచ్చ పరదాలు కట్టిన గదులు ఉండేవి. పరువు పోకుండా అందులో దూరి తాగాలి. ఒకసారి దూరాను. పరదా కింద నుంచి నడిచేవాళ్ళ పాదాలు కనపడ్డాయి. డబ్బిచ్చి మరీ మా ఇంటి గుంతలో కూర్చున్నట్టయింది. గ్లాసు అలాగే వదిలి లేచి వచ్చాను.

అన్నిటికంటే మడకశిర దుకాణం బాగుండేది. అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు. అందుకని దుకాణం ఆయన సీసాలను తడి గోనెపట్టాలో చుట్టి, వెనకాల వేపకొమ్మకు వేలాడదీసేవాడు. గాలి తగిలి చల్లబడేవి. ఎండాకాలం గోనె తడపడానికి నీళ్ళు లేక ఆయన తాను తాగాల్సిన చెంబులోంచి చిలకరించడం చూశాను. "ఏనప్పా, మీ ఊర్లో వానొచ్చిందా" అని సగం కన్నడంలో సగం తెలుగులో అడిగేవాడు. గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు, బస్సు కోసం చూసేవాళ్ళు, అందరం ఆ చెట్టు కింద కూర్చుని వాన గురించే మాట్లాడుకునేవాళ్ళం. వాన పడదని అందరికీ తెలుసు. మాట్లాడటానికి ఏం పోయింది.

అయితే ఎక్కడ కూర్చున్నా నా వీపుకు ఒక పోగు కట్టి ఉన్నట్టే ఉండేది. ఎల్లుండి అతికే ఆయన వస్తాడు. రేపటి రైలుకు ఎక్కాలి. ఈ ఒక్కటే చివరిది. సీసా సగంలో ఉండగానే నా కాలు బల్ల కింద మగ్గం తొక్కుతున్నట్టు ఆడేది. పక్కవాడు "ఏమన్నా, వణుకా?" అని అడిగేవాడు. నాకు కావలసింది ఇంకో సీసా కాదు. ముందు కోత, వెనక అతుకు లేని ఒక రోజు కావాలి. అలాంటి రోజు ఒకటి వస్తే దాంట్లోంచి మళ్ళీ ఆ గుంతలోకి దిగకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఎనభైల్లో బెంగుళూరులో పబ్బులు మొదలయ్యాయి. పీపాల నుంచి కుళాయి తిప్పి, పిడి ఉన్న పెద్ద గాజు మగ్గులో బీరు పట్టి ఇచ్చేవాళ్ళు. చెవులు పగిలేలా పాటలు పెట్టేవాళ్ళు. ఒక పబ్బులో కౌంటరు నడిపే ఆయనది తనకల్లు అనే ఊరు. మా జిల్లా మాట వినపడితే చాలు, నురగ తగ్గించి బీరు ఎక్కువ పోసేవాడు. నేను కుళాయి చూసి పీపా అడుగంటిందో లేదో చెప్పగలగడం, తాగి గొడవ చేసేవాడితో నవ్వుతూ మాట్లాడి కూర్చోబెట్టడం, ఆయన చూశాడు.

"అన్నా, నేను ఇంకో దుకాణం తెరుస్తాండా. ఈ కౌంటర్లో నువ్వు కూర్చో" అన్నాడు ఒకరోజు.

"నాకు చీరలు నేసేది తప్ప ఏమొచ్చు?"

"నీకు మనుషులు తెలుసు గదన్నా. బీరు పొయ్యడం ఎవరికైనా వస్తాది."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా భార్య కండెలు చుడుతూ, "పోదాం పాండి, ఆడన్నా కొళాయిలో నీళ్ళొస్తాయి" అంది. ఆమెకు బీరుతో పని లేదు, నీళ్ళతో పని. సరే, ఈసారి నాయనకు చెప్పేద్దాం అని గుండె రాయి చేసుకుంటున్న రోజుల్లో ఇంకో కబురు వచ్చింది. విదేశంలో చేనేత ప్రదర్శన పెడుతున్నారు, జనం ముందు కూర్చుని నేసి చూపించడానికి మా వైపు నుంచి ఒక మనిషి కావాలి, నన్ను ఎంచారు. నెల రోజులు. జర్మనీ.

జర్మనీ అంటే బీరు తాగేవాడికి కాశీ. నేను తనకల్లు ఆయన దగ్గరికి పోయి, "అది చూసుకొని వచ్చి చేరతా" అని మాటిచ్చాను. నాకు నెల రోజులు దొరికాయి. నాయన లేని, కోత లేని, అతుకు లేని నెల. తిరిగి వచ్చాక ఆ ఊపులోనే బయటపడిపోతానని నా లెక్క.

పడుగు మనమే తీసుకుపోవాలన్నారు. నాయన తానే దారాలు కొలిచి ఆసు పోయించి, పసుపుగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఎర్ర పడుగు, ఒక్క చీరకు సరిపోయేంతే.

"ఎవరిది నాయనా?"

"పాపది. సంబంధం కుదిరింది. ముహూర్తం మాఘంలో" అన్నాడు. పాప అంటే నా చెల్లెలు, నాకంటే చాలా చిన్నది. "నీ చేతి చీరే కట్టుకుంటానంటాంది. ఆడ నేసుకొనిరా."

నేను ఆయన ముఖంలోకి చూశాను. అందులో ఏమీ కనపడలేదు. మా చెల్లెలు తలుపు పక్కన నిలబడి సిగ్గుపడుతోంది. మూటను చంకలో పెట్టుకున్నాను. లోకంలో ఇంకెవరి చీర అయినా ఇచ్చి ఉంటే విమానం ఎక్కగానే ఆ మడిని సముద్రంలో వదిలేసేవాణ్ణేమో.

రైన్ నది ఒడ్డున పెద్ద ఊరు అది. హాల్లో గుంత తవ్వడానికి లేదు కాబట్టి పలకలతో ఎత్తైన అరుగు కట్టి, మధ్యలో కన్నం వదిలి గుంత చేశారు. చుట్టూ తాడు కట్టారు. నేను తాడు లోపల కూర్చుని నేస్తుంటే జనం బయట నిలబడి చూసేవాళ్ళు. ఇంటి దగ్గర నాకు జనం కాళ్ళు కనపడేవి. ఇక్కడ జనం ముఖాలు కనపడ్డాయి, అయితే అవి నా కాళ్ళు చూడటానికి కిందికి వంగేవి. ఇన్ని వేల మైళ్ళు వచ్చి మళ్ళీ గుంతలోనే తేలినందుకు నాకు నా మీదే నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది.

నా పక్క అరుగు మీద మైసూరు వైపు నుంచి వచ్చిన కొయ్యబొమ్మలాయన ఉండేవాడు. ఇద్దరం కన్నడంలో మాట్లాడుకునేవాళ్ళం. సాయంత్రం కాగానే మా వెంట వచ్చిన ఆఫీసరు అందరినీ నది దగ్గరి బీరు ఇంటికి తీసుకుపోయేవాడు. పొడుగు బల్లలు, గోడలకు పాత చెక్క, లోపల అడుగు పెట్టగానే తడిసిన గింజల వాసన. నాలాంటివాడికి అది గుడి వాసన. నీలం తుండు కట్టిన మనిషి పళ్ళెం నిండా సన్నని గ్లాసులు పట్టుకుని తిరుగుతూ, అడక్కుండానే ముందు పెట్టేవాడు. గ్లాసు కింద వేసిన అట్ట మీద పెన్సిలుతో ఒక గీత గీసేవాడు. గ్లాసు ఖాళీ అయితే చాలు, ఇంకొకటి వస్తుంది, ఇంకో గీత పడుతుంది. ఇక చాలు అనుకున్నవాడు ఆ అట్టను తీసి గ్లాసు మీద మూతలా పెట్టాలి. అది అక్కడి పద్ధతి.

మొదటి రోజే నా ముందు గ్లాసు పెట్టాడు. బంగారు రంగు, పైన వేలెడు నురగ, గాజు మీద చెమట. నేను దాన్ని బొమ్మలాయన వైపు జరిపి, నీళ్ళు కావాలని సైగ చేశాను. ఆ మనిషి ఆఫీసరుతో ఏదో అన్నాడు. బల్లంతా నవ్వింది.

"సబ్బూ తువ్వాలూ కూడా తేవాలా అంటున్నాడు" అని ఆఫీసరు తెలుగులో చెప్పాడు.

నీళ్ళు లేని ఊళ్ళో బీరు అడిగినవాణ్ణి, బీరు ఊళ్ళో నీళ్ళు అడిగాను. రోజూ అదే వరస. వాళ్ళు తాగుతుంటే నేను నీళ్ళ గ్లాసు మీద అట్ట మూతపెట్టి కూర్చునేవాణ్ణి. "ఏడు సముద్రాలు దాటి వచ్చినాక మీ నాయనకు ఎట్ల తెలుస్తాదప్పా" అని బొమ్మలాయన కన్నడంలో నన్ను కుళ్ళబొడిచేవాడు. నాయనకు తెలియదని నాకూ తెలుసు. కానీ పొద్దున మళ్ళీ ఆ ఎర్ర పడుగులోకి చెయ్యి పెట్టాల్సింది నేను. పీటల మీద కూర్చునేది మా పాప.

అందుకని ఒక ఉపాయం చేశాను. చీర తొందరగా ముగిస్తే మడి తీరిపోతుంది, మిగిలిన రోజులన్నీ నావే. జనం చూసినా చూడకపోయినా పొద్దున తలుపులు తెరిచినప్పటి నుంచి నేయడం మొదలుపెట్టాను. భోజనానికి కూడా లేచేవాణ్ణి కాదు. తప్పు పోకుండా, అంచు వంకర పోకుండా, అంత వేగంగా నా జన్మలో నేయలేదు. ప్రదర్శన ముగియడానికి ఇంకా మూడు రోజులు ఉందనగా చెంగు జరీ చివరి పేక పడింది. పేక నడిపే నాడె పక్కన పెట్టి, బొమ్మలాయనను పిలిచి, "సాయంత్రం నీ పక్కన నాకూ ఒక అట్ట వేయించు" అన్నాను.

కత్తెర తీసుకున్నాను. పసుపు గుర్తుకొచ్చింది. ప్రదర్శనకు వచ్చిన మన వంటవాళ్ళ దగ్గర దొరుకుతుంది. టెంకాయ దొరక్కపోతే పోనీ అనుకున్నాను. అప్పుడు మిగిలింది తట్టింది. కోయాల్సింది ఇంటి పెద్ద చెయ్యి.

ఇన్ని రోజులూ నేయడం గురించే ఆలోచించాను, కోత గురించి ఆలోచించనే లేదు. ఎందుకంటే నా బతుకులో ఒక్క చీర కూడా నేను కోయలేదు. నేయడం నాది, కోయడం నాయనది. మీసాలు నెరుస్తున్నాయి, ఇద్దరు పిల్లల తండ్రిని, నేను మాత్రం పెద్దవాణ్ణి కాదా అని కత్తెర రెండు వేళ్ళకు తొడిగాను. ఆఫీసరు కూడా "కోసెయ్యండి, గోడకు వేలాడదీద్దాం, అందరూ చూస్తారు" అన్నాడు. కత్తెర తెరుచుకుంది, మూసుకోలేదు. తాడు అవతల ఒక ముసలామె, ఏమైందో అన్నట్టు నా ముఖంలోకి చూస్తోంది.

కత్తెర కింద పెట్టేశాను. ఆ సాయంత్రం కూడా నీళ్ళే తాగాను. బొమ్మలాయన నా వీపు మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చింది. నాయన మీద కాదు, నా చేతి మీద. వెంట కాపలా లేదు, తాళం లేదు, అయినా ఆ చెయ్యి కదల్లేదు.

చీరను పడుగుతో సహా కొయ్యకు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని విమానంలో తెచ్చాను. ఇంటికి రాగానే నాయన దాన్ని విప్పి, అంచు పొడవునా వేలు పోనిచ్చాడు.

"బాగుండాది" అన్నాడు. వేలు అంచు మీదనే ఉంచి, "ఆ దేశంలో బీరు మేలుగా ఉంటాదంట గదా" అన్నాడు.

బీరు అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

"నాకేం తెలుస్తాది నాయనా. చీర కోయలేదు గదా."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత పసుపు రాసిన కత్తెర తీసుకున్నాడు. ఆ రోజు కోత వంకర పోయింది. ఎప్పుడూ అలా పోలేదు. కన్ను ఆనలేదు అన్నాడు.

మాఘంలో పాప పెళ్ళయింది. నా మగ్గం మీది పడుగుకూ కోత పడింది. మూడో రోజున పట్టు తెస్తానని చెప్పి బయల్దేరాను. నిజానికి తనకల్లు ఆయనతో మాట ఖాయం చేసుకోవడానికి. చిక్కపేటలో షావుకారు దగ్గర మామూలుగా పట్టు పట్టి చూస్తుంటే ఆయన నవ్వాడు.

"ఏల చూస్తావప్పా. మీ నాయన ఎప్పుడో రకం చెప్పేసినాడు. నువ్వు వచ్చినా రాకున్నా అదే కట్టి పెడతా."

"మరి నేను ఎందుకు రావాల?"

"అదే నేనూ అనుకుంటా. మీ ఊరోళ్ళందరికీ రైల్లో పార్సెలు వేస్తా. మీకూ వేస్తానంటి. మీ నాయన వద్దన్నాడు. మావాడు వస్తాడులే అన్నాడు."

మూట నా ముందు ఉంది. దాన్ని ఎత్తుకోవడానికి కొంచెం సేపు పట్టింది. నా స్టూలు, నా వేపచెట్టు, ఐసు మీద సీసాలు, ఇన్నేళ్ళూ నేను దొంగిలించుకున్నాననుకున్న రోజులన్నీ ఆయన చేత్తో కొలిచి ఇచ్చినవి. కట్టేసింది ఆయనే, గూటం దగ్గర తాడు వదులు చేసింది ఆయనే. నాకు కోపం పొంగుకొచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు. పబ్బుకు పోయాను. తనకల్లు ఆయన మగ్గు నింపి ముందు పెట్టి, "ఏమన్నా, ఎప్పుడు వస్తావు?" అన్నాడు. "ఇంట్లో అడిగి చెప్తా" అన్నాను. నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆ కౌంటర్లో ఇంకెవరినో పెట్టుకున్నాడు.

నాయనను నేను ఏమీ అడగలేదు. అతుకు పడింది, కోత పడింది, మళ్ళీ అతుకు పడింది. ప్రతి కోతకూ ఆయన "పట్టు తేవాల, పోయిరా" అనేవాడు, నేను పోయి వచ్చేవాణ్ణి. నా భార్య నీళ్ళ కుళాయి మాట ఎత్తడం మానేసింది.

ఎనభైలు ముగిసేటప్పుడు నాయనకు కంటిలో పొర ముదిరి బెంగుళూరులో ఆపరేషను చేయించాం. కట్టు విప్పి చూపించుకోవడానికి మళ్ళీ తీసుకుపోయాను. డాక్టరు బాగుందన్నాడు. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడుతుండగా ఆయన రోడ్డు మీద నిలబడి, "నువ్వు పోయే చోటికి నన్ను తీసకపో" అన్నాడు.

మధ్యాహ్నం పూట పబ్బులో జనం తక్కువ. ఆయన కుర్చీ మీద కాళ్ళు పైకి మడుచుకుని కూర్చున్నాడు. కిందికి వదలమన్నాను. "కింద తొక్కేదానికి ఏమీ లేదే" అన్నాడు. ఒక్క కన్నుతో పీపా కుళాయిని, గోడ మీది అద్దాలను, నవ్వుతున్న కాలేజీ పిల్లలను ఓపిగ్గా చూశాడు. నేను మగ్గు ఒకటి తెప్పించి, చిన్న గ్లాసులో కొంచెం పోశాను.

"మగ్గాల మీద ఏమీ లేదు గదా?" అన్నాడు.

"లేదు నాయనా. మొన్న నువ్వే గదా కోసినావు."

ఒక గుక్క తాగాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. తువ్వాలుతో మీసాలు తుడుచుకుని గ్లాసు వైపు చాలాసేపు చూశాడు.

"ఇంత చేదా" అన్నాడు. "దీనికా నేను ఇన్నేండ్లు మడి కట్టింది."

ఇక ఆగలేకపోయాను. "రైల్లో వచ్చే పట్టుకు నన్ను ఎందుకు పంపిస్తాంటివి నాయనా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పాప పెండ్లి అయినాక."

"అంటే అప్పట్నుంచి తెలిసే పోతాండావు" అన్నాడు. "తెలిసే వస్తాండావు."

ఆయన గ్లాసును బల్ల మీద మెల్లగా తిప్పాడు.

"నువ్వు తాగుతావని కాదప్పా నా భయం. తాగేవాళ్ళు మన వీధిలో ఎంతమంది లేరు. నువ్వు పోతే రావని భయం. పోనీకుండా పెడితే ఒకరోజు చెప్పకుండా పోతావు. నేనే పంపిస్తే తిరిగొస్తావు. అందుకని పంపిస్తి."

పాట మారింది. ఆయన దానికి కాసేపు తల ఊపి, బయటి ఎండ వైపు చూశాడు.

"ఈ తూరి రెండు దినాలు ఈడనే ఉందాం. నాకేం తొందర లేదు. అతికే ఆయనకు నేనింకా చెప్పలేదు" అన్నాడు.

నేను చెప్పాలా వద్దా అని మగ్గు పిడి పట్టుకుని ఉండిపోయాను. ఆయన ఆ ఒక్క కన్నుతో నన్నే చూస్తున్నాడు.

"అతికే ఆయనకు నేనే చెప్పి వచ్చినాను నాయనా. రేపు పొద్దున్నే వస్తాడు."

ఆయన తన గ్లాసు నా వైపు జరిపాడు. అందులో మిగిలింది నేను తాగేశాను. రైలుకు ఇంకా చాలా టైముంది, అయినా ఇద్దరం లేచాం.